గేర్లు మార్చిన పిదప తిరుగని చక్రము

జనగామలో తెల్లవారుజామున పాలకేనులు తగిలించుకొని బయలుదేరువానికి, మహబూబాబాదులో మిరపబస్తా వేసుకొని మార్కెట్టుకు పోవువానికి, భూపాలపల్లిలో బొగ్గుగని షిఫ్టు అందుకొనవలసిన కార్మికునికి బ్యాటరీ సైకిలు ముచ్చటకు కొన్న వస్తువు కాదు. అది నిలిచిననాడు పని నిలుచును. చక్రము నడుమనున్న మోటారును విప్పి, అరిగిన గేర్లు తీసి, క్రొత్తవి వేసి బిగించిన పిదప కూడ ఒక్కొక్కప్పుడు చక్రము కదలదు. మోటారు కాలిపోయినదని తలచి, క్రొత్తదానికై డబ్బు వెదకువారు కలరు. తొందరపడవలదు. మరమ్మతు చేసిన వెంటనే కనబడు దోషము చాలవరకు మన చేయి తగిలిన చోటనే ఉండును.

చక్రములో మోటారు నమర్చు ఊహ పాతదే. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895లోనే వెనుక చక్రమున మోటారు గల సైకిలుకు పేటెంటు పొందెను. అందులో గేర్లు లేవు. నేటి గేరు మోటారులో రోటరు, చక్రముకన్న సుమారు నాలుగైదు రెట్లు వేగముగా తిరుగును. రోటరు నడుమనున్న చిన్న పళ్ళచక్రము మూడు నైలాను గేర్లను త్రిప్పును. అవి హబ్బు లోపలి పళ్ళ వలయమును త్రిప్పును. చాల మోటార్లలో ఈ మూడు గేర్లను మోయు పళ్ళెమునందే ఒకవైపునకు మాత్రము తిరుగు క్లచ్చి ఉండును. ఆ క్లచ్చిని ఇరుసుకు పట్టియుంచునది గోరంత ఉక్కుముక్క. మెకానిక్కులు దానిని కీ అందురు.

మొదట బ్యాటరీని విడదీసి, చక్రమును నేలనుండి ఎత్తి, చేతితో త్రిప్పి చూడవలెను. ముందుకు తేలికగాను, వెనుకకు కొంత బరువుగాను తిరిగినచో లోపలి కూర్పు సరిగానున్నట్లే. వెనుకకు త్రిప్పునపుడు క్లచ్చి పట్టుకొని రోటరును కూడ త్రిప్పును గనుక ఆ బరువు. ముందుకు బరువై, వెనుకకు తేలికయైనచో క్లచ్చి తలక్రిందుగా కూర్చున్నది. రెండువైపుల తేలికయైనచో కీ జారినది, లేదా గేర్ల పళ్ళు ఒకదానిలో నొకటి పడలేదు. రెండువైపుల బరువైనచో క్రొత్త గేర్ల పళ్ళ లెక్కగాని మందముగాని పాతవానితో సరిపోలేదు, లేదా మూత వంకరగా బిగిసినది.

ఈ పరీక్షలో లోపలి కూర్పు సరియని తేలిన పిమ్మటనే తీగలవంక చూడవలెను. వెనుకకు త్రిప్పునపుడు చక్రము కుదుపులతో మొరాయించినచో మోటారు తీగలను కంట్రోలరు నుండి విడదీసి మరల త్రిప్పవలెను. తేలికపడినచో దోషము కంట్రోలరుది. తేలికపడనిచో లావుపాటి మూడు తీగలలో రెండు ఒకదానినొకటి తాకుచుండవచ్చును. ఇరుసునుండి తీగలు వెలికివచ్చు చోటును పరిశీలింపవలెను.

కరెంటు ఇచ్చినప్పుడు మోటారు వణకి ఆగిపోయినచో హాల్ సెన్సారులను శంకింపవలెను. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ధర్మముపై పనిచేయు ఈ మూడు సెన్సారులు రోటరు ఏ స్థానమున నున్నదో కంట్రోలరుకు తెలుపును. యాక్సిలరేటరును తాకక, చక్రమును మెల్లగా వెనుకకు త్రిప్పుచు మల్టీమీటరుతో చూచినచో, మూడు సన్నని సంకేతపు తీగలపై వోల్టేజి సున్నకును సుమారు 5 వోల్టులకును నడుమ మారుచుండవలెను. మారనిచో ఆ తీగనో సెన్సారునో బాగుచేయవలెను. మోటారు గుయ్యిమని తిరుగుచున్నను చక్రము కదలనిచో, కీ సరిగానుండియు, తీగల వరుస తారుమారైనదేమో చూడవలెను. మోటారు ఎదురు దిక్కున తిరిగినచో క్లచ్చి పట్టదు.

గేర్లు మూడింటిని ఒకేసారి మార్చవలెను. పాత నైలాను పొడిని తుడిచి, ప్లాస్టిక్కుకు హాని చేయని గ్రీజును పళ్ళకు మాత్రము పలుచగా పూయవలెను. ఇరుసును గాడిలో కదలనీయక పట్టు వాషరును మరువరాదు. అది లేక ఇరుసే తిరిగినచో తీగలను మెలివేసి తెంచును.

నైలాను మెత్తనిది గనుక మోటారుకు చప్పుడు తక్కువ. ఆ మెత్తదనమే దాని బలహీనత. ఎత్తున నిలిచిన బరువు సైకిలును మోటారుతోనే ఒక్కుమ్మడి కదల్చినచో బలమంతయు కొన్ని పళ్ళపై పడును. కాబట్టి మొదట రెండు తొక్కులు తొక్కి, చక్రము కదిలిన పిమ్మటనే యాక్సిలరేటరు త్రిప్పవలెను. క్రొత్త గేర్లకు అంతకుమించిన రక్షణ లేదు.