దుబాసీ 'నేను' అంటే ఎవరు?

2009 సెప్టెంబరు 23. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం. లిబియా అధినేత గడాఫీకి ఇచ్చిన సమయం పావుగంట. ఆయన మాట్లాడింది గంటన్నరకు పైగా. సమితి దుబాసీలను కాదని, వెంట తెచ్చుకున్న మనిషితోనే తన అరబ్బీ ప్రసంగాన్ని ఇంగ్లీషులో చెప్పించుకున్నారు. గంటా పావు గడిచేసరికి ఆ మనిషి ఇక తనవల్ల కాదని చేతులెత్తేశాడని అప్పటి పత్రికలు రాశాయి. మిగతాది సమితి దుబాసీ అందుకుని పూర్తి చేయాల్సి వచ్చింది.

చదివినవాళ్లు నవ్వుకున్నారు. ఆ వృత్తి తెలిసినవాళ్లకు మాత్రం ఒక్కడే అంతసేపు లాక్కురావడమే విడ్డూరం.

సమితిలో భాషకో అద్దాల గది ఉంటుంది. బూత్ అంటారు. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్, రష్యన్ బూత్‌లలో ఇద్దరేసి, చైనీస్, అరబ్బీ బూత్‌లలో ముగ్గురేసి కూర్చుంటారు. ఈ రెండు గదులవాళ్లు తమ భాషలోకే కాక, తమ భాషలోంచి ఇంగ్లీషులోకో ఫ్రెంచిలోకో కూడా చెప్పాలి కాబట్టి మూడో మనిషి అవసరం. ఒక్కొక్కరి వంతు ఇరవై నిమిషాలో, అరగంటో. మైకు పక్కవారికి అప్పగించినంత మాత్రాన పని అయిపోదు. వక్త నోట వచ్చే అంకెలూ పేర్లూ గబగబా కాగితం మీద గీసి మాట్లాడుతున్నవారి ముందుకు జరుపుతుంటారు. ఒక మాట సరిగా వినబడకపోయినా సందర్భాన్ని బట్టి పోల్చుకోవచ్చు. రూ.1,746 కోట్లు అన్నది వినబడకపోతే ఊహించడం ఎవరి తరమూ కాదు.

తెలుగులోంచి ఇంగ్లీషులోకి చెప్పేవారి అవస్థ ఎలాంటిదో ఒక వాక్యంతో చూడొచ్చు. సభలో ఒక ఎంపీ లేచి, 'నిరుడు వరదల్లో పంట నష్టపోయిన కౌలు రైతులకు కేంద్రం ప్రకటించిన సాయం ఇవాళ్టి వరకు...' అని మొదలుపెడతారు. 'అందింది' అంటారో, 'అందలేదు' అంటారో ఇంకా తేలలేదు. మనకు క్రియ చివర్న వస్తుంది, ఔనో కాదో దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. ఇంగ్లీషుకు అది ముందే కావాలి. ఆగితే వెనకాల మాటలు పేరుకుపోతాయి. ఆగకపోతే అందని సాయాన్ని అందించేసినట్టవుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు వరదల ముక్కను, రైతుల ముక్కను విడి వాక్యాలుగా వదిలేస్తూ అసలు సంగతి తేలేదాకా నెట్టుకొస్తారు. ఈలోగా ఎంపీ రెండో వాక్యంలోకి వెళ్లిపోతారు. దాన్ని వింటూ దీన్ని చెప్పాలి.

లోక్‌సభలో ప్రసంగాన్ని అప్పటికప్పుడే మరో భాషలో వినిపించే ఈ ఏర్పాటు 1964 సెప్టెంబరు 7న హిందీ, ఇంగ్లీషులతో మొదలైంది. రాజ్యసభలో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా మాట్లాడే వీలు 2018లో కలిగింది. అప్పుడు సభాధ్యక్షుడు మన ముప్పవరపు వెంకయ్యనాయుడే.

ఒకరు మాట్లాడుతుండగానే ఇంకొకరు చెప్పడమనే పద్ధతికి పెద్ద పరీక్ష న్యూరెంబర్గ్‌లో ఎదురైంది. 1945 నవంబరులో నాజీ నాయకుల విచారణ మొదలైనప్పుడు కోర్టు భాషలు నాలుగు: ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్. అంతవరకు అలవాటైన పద్ధతి వేరు. వక్త కొంత చెప్పి ఆగేవాడు, దుబాసీ రాసుకున్న గుర్తుల సాయంతో దాన్ని తిరిగి చెప్పేవాడు. నాలుగు భాషల్లో అలా సాగితే విచారణ ఎప్పటికి తెమిలేను? లియాన్ డోస్టర్ట్ అనే అధికారి ఐబీఎం కంపెనీ ఇచ్చిన హెడ్‌ఫోన్లతో కొత్త ఏర్పాటు చేశారు. పన్నెండు మంది చొప్పున మూడు జట్లు. సాక్షి వేగం పెంచితే పసుపు దీపం, పూర్తిగా ఆగాలంటే ఎర్ర దీపం.

దుబాసీ ఎప్పుడూ 'ఆయన ఇలా అంటున్నారు' అనడు. వక్త 'నేను' అంటే తనూ 'నేను' అనే అంటాడు. బడ్జెట్ ప్రసంగానికైతే ఫర్వాలేదు. న్యూరెంబర్గ్‌లో ఆ 'నేను' మారణకాండ నిందితుడిది. కొందరు ఆ పని భరించలేక తప్పుకున్నారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష నాటి అకృత్యాలపై 1996లో మొదలైన సత్య, సయోధ్య కమిషన్ విచారణల్లో ఇంకో చిక్కు వచ్చింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి 'నేను', అతణ్ని చంపిన పోలీసు 'నేను' రెండూ దుబాసీల నోటి నుంచే రావాలి. అక్కడ పనిచేసిన చాలామందిని ఆ కథలు విచారణలు ముగిశాక కూడా వెంటాడాయి.

ఇది మన వాళ్లకు కొత్త వృత్తి కాదు. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటరు. 1830లో కాశీకి బయల్దేరేనాటికి ఆయన ఆ కొలువులోనే ఉన్నారు. మన దేశంలో ఇప్పటికీ సాక్షిలాగే కోర్టు దుబాసీ కూడా ప్రమాణం చేయాలి. సాక్షి తడబడితే ఆ తడబాటునూ వినిపించాలి, బూతు తిడితే ఆ బూతునూ. మాటకు మెరుగు పెడితే సాక్ష్యం మారిపోతుంది.

ఆస్పత్రిలోనూ అంతే. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లికి ఒంట్లో బాగోకపోతే, ఇంగ్లీషు వచ్చిన మనవడు పక్కనుంటే చాలదా అనిపిస్తుంది. అత్యవసరమైతే తప్ప మైనర్ల చేత ఈ పని చేయించకూడదని అక్కడి కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధన పెట్టింది. బామ్మ తన రోగాన్ని మనవడి ముందు పూర్తిగా చెప్పదు. డాక్టరు చెప్పిన చేదు కబురును మనవడు ఉన్నదున్నట్టు బామ్మకు చెప్పలేడు.

కొవిడ్ తర్వాత ఈ వృత్తికి కొత్త బెడద చుట్టుకుంది. సభలు ఆన్‌లైన్‌కు మారాయి, వక్తలు లాప్‌టాప్ ముందు కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. లాప్‌టాప్ మైకుల గరగర ధ్వనిలో మాట పోల్చుకోవడానికి దుబాసీలు హెడ్‌ఫోన్ శబ్దం పెంచుకోవాలి. ఉన్నట్టుండి కీచుమన్నప్పుడు దెబ్బ తగిలేది చెవికే. 2022లో యూరోపియన్ పార్లమెంటు దుబాసీలు దీనిమీద ఆందోళనకు దిగి, దూరం నుంచి మాట్లాడేవాళ్ల ప్రసంగాలు చెప్పబోమన్నారు. అదే ఏడాది అక్టోబరులో కెనడా పార్లమెంటులో పనిచేస్తున్న ఒక దుబాసీ ఇలాంటి శబ్దాఘాతంతోనే ఆస్పత్రి పాలయ్యారు. మంచి మైకు వాడమనీ, చదవబోయే ప్రసంగం ప్రతిని కాస్త ముందుగా పంపమనీ దుబాసీలు వక్తలను అడుగుతూనే ఉన్నారు.