పల్లెలో ఒక వారాంతం – ఫ్రెంచి వాళ్ళ పద్ధతిలో

ఫ్రాన్స్ అనగానే మనలో చాలామందికి పారిస్, ఐఫిల్ టవర్, పిల్లలుంటే డిస్నీలాండ్... అంతే! లండన్‌లో రైలెక్కి, మూడు రోజుల్లో పన్నెండు చోట్ల ఫోటోలు దిగి, కాళ్ళనొప్పులతో తిరిగొస్తాం. వేసవిలో స్నేహితులతో గడపాలనుకున్న ఫ్రెంచి వాళ్ళు మాత్రం ఇలా చెయ్యరు. ఏదో ఒక పల్లెలో పాత రాతి ఇల్లు అద్దెకు తీసుకుని, మూడు నాలుగు కుటుంబాలు అందులో చేరి, రెండు మూడు రోజులు వండుకుని, తిని, మాట్లాడుకుంటారు. చూడాల్సిన ప్రదేశాల జాబితా ఉండదు. ఉన్నా ఎవరూ పట్టించుకోరు.

నేను టులూజ్‌లో మాస్టర్స్ చేసే రోజుల్లో ఈ అలవాటును దగ్గర్నుంచి చూశాను. ఇప్పుడు బ్రిటన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, ఏడాదికోసారి పాత క్లాస్‌మేట్స్‌ని దోర్దోన్ నది ప్రాంతంలో కలుస్తుంటాను. ఇద్దరం తెలుగువాళ్ళం, మిగతావాళ్ళు ఫ్రెంచి. భార్యాభర్తలూ పిల్లలూ కలిసి ఇప్పుడు పన్నెండు మందిమి. మన ఉగాది, సంక్రాంతి వేడుకల్లో హాలు నిండా మనవాళ్ళే కనబడతారు గానీ, "ఎలా ఉన్నారండీ?" అనేలోపు స్టేజి మీద మైకు మోగుతుంది, ఆ తర్వాత భోజనాల క్యూ. తీరిగ్గా కూర్చుని మాట్లాడే వీలు ఎక్కడ? ఈ పద్ధతి మనవాళ్ళకీ బాగా పనికొస్తుందనిపించి ఇది రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి. ఇలా అద్దెకిచ్చే పల్లెటూరి ఇంటిని "జీత్" అంటారు. ఉచ్చారణ గుర్తుండాలంటే మన "జీతం"లో చివరి సున్నా ఎగరగొట్టండి, సరిపోతుంది! రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో జనం పల్లెలు వదిలి పట్నాలకు వలసపోయారు, ఇళ్ళు పాడుబడ్డాయి. ఆ ఇళ్ళను బాగుచేసి అద్దెకిస్తే రైతుకు నాలుగు డబ్బులొస్తాయి, పట్నంవాడికి చవకగా సెలవులు గడుస్తాయి అన్న ఆలోచనతో ఎమిల్ ఒబేర్ అనే సెనేటర్ పూనుకోగా, ఆల్ప్స్ కొండల ప్రాంతంలో 1951లో మొదటి జీత్ తెరిచారు. 1955లో "జీత్ ద ఫ్రాన్స్" సమాఖ్య ఏర్పడింది. మన హోటళ్ళకు నక్షత్రాలున్నట్టు వీటికి ధాన్యపు కంకులు ఇస్తారు. ఒక కంకి అంటే సాదా ఇల్లు, ఐదు కంకులంటే జమీందారీ వైభోగమే.

దీని వెనక సెలవుల చరిత్ర కూడా ఉంది. ఫ్రాన్స్‌లో ఉద్యోగులందరికీ జీతంతో కూడిన రెండు వారాల సెలవు 1936లో చట్టమైంది; 1982 నాటికి అది ఐదు వారాలకు చేరింది. జులై, ఆగస్టుల్లో దేశమంతా ఒకేసారి కదులుతుంది కాబట్టి ఆ రెండు నెలలూ ఇళ్ళను చాలావరకు శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తారు. రెండు రాత్రులకంటే దొరకడం కష్టం. వారాంతానికే కావాలంటే జూన్ గానీ సెప్టెంబరు గానీ ఎంచుకోండి. ఎండ ఉంటుంది, జనం ఉండరు. అన్నట్టు, ఆగస్టు 15న మన స్వాతంత్ర్య దినం నాడు ఫ్రాన్స్‌లోనూ సెలవే, కానీ అది మేరీమాత పండగ. ఆ రోజుల్లో మాత్రం రోడ్ల మీదకు వెళ్ళకండి.

ఇల్లు హోటల్ కాదని గుర్తుంచుకోవాలి. దుప్పట్లు, తువ్వాళ్ళు చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి, లేదా అదనంగా కట్టాలి. ముందు కొంత డిపాజిట్ తీసుకుంటారు, వెళ్ళేటప్పుడు ఇల్లు చూసుకుని తిరిగిస్తారు. మనిషికి రాత్రికి ఇంత అని ఊరి పన్ను ఉంటుంది. పల్లెల్లో మురుగు చాలావరకు సెప్టిక్ ట్యాంకులోకే పోతుంది; మన వంట నూనెలు సింకులో పోస్తే యజమాని లబోదిబోమంటాడు. ఇంకో ముఖ్యమైన విషయం, కిటికీల చెక్క తలుపులు. ఎండ ఎక్కక ముందే వాటిని మూసేసి, చీకటి పడ్డాక బార్లా తెరవాలి. మందపాటి రాతి గోడలు రాత్రి చల్లదనాన్ని పగలంతా పట్టి ఉంచుతాయి. ఏసీ లేని ఇంట్లో ముప్ఫయ్యారు డిగ్రీల ఎండలోనూ కంటినిండా నిద్రపట్టేది ఇలాగే. మన తాతల నాటి మట్టిగోడల పెంకుటింటి సూత్రమే కదా!

శనివారం పొద్దున్న అందరి మొదటి పని సంత. మేముండే చోటికి దగ్గరి పట్టణం సార్లా. అక్కడ బుధ, శనివారాల్లో పాత ఊరి వీధుల్లోనే సంత జరుగుతుంది. ముందు "బోఁజూర్" అనండి, తర్వాత బేరం. నమస్కారం లేకుండా "అది ఎంత?" అంటే పక్కనున్న ముసలమ్మకు వంగి వంగి సరుకు చూపిస్తారు తప్ప మీవైపు చూడరు. ఇది పొగరు కాదు, మర్యాద లెక్క. వంకాయలు, బీన్స్, టమాటాలు, అక్రోటు నూనె దొరుకుతాయి. పెరిగోర్ అక్రోటులకు 2002 నుంచి ప్రాంతీయ గుర్తింపు ఉంది. "ఒజెయ్" అనే పుల్లటి ఆకు కనబడితే వదలకండి. గోంగూర కాదు గానీ, పప్పులో వేస్తే గోంగూర మీద బెంగ కాస్త తీరుతుంది.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ఇది బాతుల దేశం. "సార్లా బంగాళాదుంపలు" అని మెనూలో చూసి హాయిగా ఆర్డరిస్తారేమో, అవి బాతు కొవ్వులో వేయించినవి! చీజుల్లో చాలావాటిని దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతోనే తోడుపెడతారు, పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తీసుకోండి. ఇక్కణ్ణుంచి సరుకులు పట్టుకెళ్ళేవాళ్ళకు మరొకటి: బ్రిటన్ ఈయూ నిబంధనల నుంచి బయటపడ్డ 2021 జనవరి 1 నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. అంటే నెయ్యి కూడా! తాజా కరివేపాకుకూ అభ్యంతరమే. పొడులు, పప్పులు చాలు. అక్కడి ఉప్పులేని వెన్న కొని కాచుకోండి, ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది.

ఇక అసలు విషయం, భోజనాల బల్ల. సాయంత్రం ఏడింటికి "అపెరో" మొదలవుతుంది. గ్లాసుల్లో వైనో, పళ్ళరసమో, మధ్యలో ఆలివ్‌లు, వేరుశెనగలు. ఇందులో కడుపు నింపుకోవడం ఉండదు, నాలుక వదులు చేసుకోవడమే. తొమ్మిదింటికి గానీ భోజనం రాదు. ముందు ఒక చిన్న పదార్థం, తర్వాత అసలు వంటకం, ఆపైన చీజు, చివర తీపి. ఒక్కోదానికీ మధ్య అరగంట. పండగపూట ఇలా వరసగా తినే పద్ధతిని యునెస్కో 2010లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. మన విస్తట్లో అన్నీ ఒకేసారి వడ్డిస్తాం కాబట్టి పదిహేను నిమిషాల్లో చెయ్యి కడుక్కుంటాం. ఏది గొప్ప అన్న వాదన నాకొద్దు గానీ, మాటలకు మాత్రం వాళ్ళ పద్ధతే అనువు. వంటకాల మధ్య ఖాళీ ఉంటుంది కదా, ఆ ఖాళీలోనే మనిషి మనసు విప్పుతాడు. నిరుడు మా మిత్రుడొకడు తన ఉద్యోగం పోయిన సంగతి భోజనం మొదలైన మూడో గంటలో, చీజు పళ్ళెం తిరుగుతున్నప్పుడు చెప్పాడు. అంతకుముందు నాలుగు నెలలు ఫోన్లో "అంతా బాగుంది" అన్నవాడే. ఆ రాత్రి రెండింటి దాకా ఎవరూ లేవలేదు. సోమవారం నుంచి ఇద్దరు వాడి రెజ్యూమె పట్టుకుని తిరిగారు.

మధ్యాహ్నాలకు పెటాంక్ ఉంది. ఇనుప గోళీలాట అనుకోండి. "కోషొనె", అంటే పందిపిల్ల, అనే చిన్న చెక్క బంతిని ఆరు నుంచి పది మీటర్ల దూరంలో వేసి, దానికి దగ్గరగా ఎవరి ఇనుప బంతి పడితే వాళ్ళకు పాయింట్లు. పదమూడు వస్తే గెలుపు. పాదాలు కదపకుండా విసరాలి, ఆ పేరుకర్థమే అది. చిన్నప్పుడు వీధిలో గోళీలాడినవాళ్ళు పది నిమిషాల్లో చెయ్యి తిరిగినవాళ్ళవుతారు. మా మామగారు మొదటిసారి వచ్చినప్పుడు ఊరి పెద్దలిద్దర్ని ఓడించారు, భాష ఒక్క ముక్క రాకుండానే.

పిల్లలున్నవాళ్ళు ఈత కొలను ఉన్న ఇల్లు తీసుకుంటే ఒకటి చూడాలి. 2003 జనవరి నాటి చట్టం ప్రకారం అద్దె ఇళ్ళలో నేలలోకి కట్టిన కొలనుకు కంచె, అలారం, గట్టి మూత, పైకప్పు, వీటిలో ఒకటైనా ఉండి తీరాలి. అలారం ఒక్కటే ఉన్న ఇల్లు మేం తీసుకోం. అది పిల్లవాడు నీళ్ళలో పడ్డాక మోగేది. కంచె ఉన్నా పెద్దవాళ్ళు గంటకొకరు చొప్పున కాపలా వేసుకుంటాం. కారు నడిపేవారికి మద్యం పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, ఇంగ్లండ్‌లో 0.8. అపెరో తర్వాత తాళాలు ముట్టుకోకపోవడమే మేలు.

ఆదివారం పొద్దున్న బేకరీకి వెళ్ళండి, మధ్యాహ్నానికి పల్లెలో దాదాపు అన్నీ మూసేస్తారు. రొట్టె మాత్రం పట్నం సూపర్ మార్కెట్లో కాక ఆ ఊళ్ళోనే కొనమని నా మనవి. బేకరీ మూతపడి, దాని స్థానంలో రొట్టెల యంత్రం వెలసిన పల్లెలు దారిపొడవునా కనబడతాయి. బేకరీతో పాటు ముసలివాళ్ళు రోజూ నాలుగు మాటలు చెప్పుకునే చోటూ పోతుంది.

మరీ ఏదీ చూడకుండా రాలేని వాళ్ళకు లాస్కో గుహ ఉంది. 1940లో బయటపడిన ఆ ఆదిమ చిత్రాలు జనం ఊపిరికి పాడవుతున్నాయని 1963లో మూసేశారు. 2016 చివర్లో తెరిచిన నిలువెత్తు నమూనానే ఇప్పుడు చూపిస్తారు. చాలా బాగుంటుంది, కానీ టికెట్లు ముందే కొనాలి.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా తప్పదు. వేసవి ముందు అపాయింట్‌మెంట్లు దొరకడం గగనం, కాబట్టి ఇల్లు ఖాయం కాగానే ఆ పని మొదలుపెట్టండి. మేమైతే జూన్ వారాంతానికి జనవరిలోనే ఇల్లు పట్టుకుంటాం. మొత్తం అద్దె ఒకరు కట్టి, తర్వాత పెద్దలకు సమానంగా, పిల్లలకు సగం చొప్పున పంచుకుంటాం. వంట వంతులు కూడా అప్పుడే రాసుకుంటాం, శనివారం రాత్రి పులిహోర, గుత్తివంకాయ మా ఇంటి వంతు.