రైలుస్టేషను ముంగిట సైకిలు

రైలుస్టేషను అనగానే మన కండ్లకు గట్టునవి టిక్కెట్ల కిటికీ, ప్లాటుఫారము, మూటలు మోయు కూలీ, కాఫీ లమ్ము కుఱ్ఱవాడు. స్టేషనుకు వెలుపల నొకమూల రేకులపందిరిక్రింద వరుసగా నిలిచియుండు సైకిళ్లను గుఱించి తలచువారు తక్కువ. అవి యెవరివి, వానిని కాచునదెవరు, రాత్రి వచ్చిన మనిషికి తన బండి దొరకునా లేదా యను చర్చ మగవారిదే యని మనలో చాలమంది యభిప్రాయము. నా యభిప్రాయము వేఱు. ఒక గృహిణి యుద్యోగమునకు పోవునో మానునో, ఒక బాలిక కళాశాలలో చేరునో ఇంటనే యుండునో, అనేక గ్రామములలో నిర్ణయించుచున్నది ఆ రేకులపందిరియే.

ఇది యతిశయోక్తి యనుకొనవలదు. స్టేషనుకు 4 కిలోమీటర్ల దూరమున నున్న యొక పల్లెను తలచుకొనుడు. అక్కడినుండి పట్టణము 40 కిలోమీటర్లు. రైలెక్కిన పిమ్మట ఆ 40 కిలోమీటర్లును గంటలో గడచిపోవును. కూర్చుండ చోటు దొరకినచో ఒక పాఠము చదువుకొనవచ్చును కూడ. కష్టమంతయు మొదటి 4 కిలోమీటర్లలోనే యున్నది. నడచినచో ముప్పాతిక గంటకు పైగా పట్టును. ఆటో నిండినగాని కదలదు. సైకిలైనచో ఇరువది నిమిషముల పని. కాని ఆ సైకిలును స్టేషనుకడ నమ్మకముగా విడుచుటకు చోటు లేనిచో అది యింటి వసారాలోనే యుండిపోవును. పిల్లను తండ్రియో తమ్ముడో దిగబెట్టవలసివచ్చును. దిగబెట్టువాడు పొరుగూరికి పోయిననాడు చదువును ఆగును. ఇట్లు నెలకు నాలుగు దినములు ఆగినచో సంవత్సరాంతమున ఇంటిపెద్దలు, "ఈ తిరుగుడు మనకెందుకమ్మా" యని తేల్చివేయుదురు. వారి దోషముకూడ కాదు.

మనము ముంగిట చుక్కపెట్టి చుట్టును వలయముగా ముగ్గు వేయుదుము గదా. స్టేషనే యా చుక్క యనుకొనుడు. పావుగంటలో నడచిరాగల దూరము సుమారు కిలోమీటరుంబావు. మెల్లగా సైకిలు తొక్కినను ఆ పావుగంటలో దానికి మూడురెట్ల దూరమునుండి రావచ్చును. వలయము మూడురెట్లు వెడల్పైనచో దానిలోపలి నేల తొమ్మిదిరెట్లగును. అనగా కొత్త పట్టాలు వేయకయే, కొత్త బండి నడుపకయే, ఒక పందిరి చక్కగా కట్టుటచేత ఆ రైలు తొమ్మిదిరెట్ల నేలకు ఉపయోగపడునన్నమాట. రైల్వేకు ఇంతకంటె చౌకలో దొరకు లాభము మఱియొకటి కలదని నేననుకొనను.

ఈ లెక్కను అందఱికంటె బాగుగ గ్రహించినవారు హాలండు దేశస్థులు. వారు మనకు కొత్తవారు కారు. మచిలీపట్టణమునను, పులికాటునను, భీమునిపట్టణమునను పూర్వము వర్తకము చేసిన ఒలందావారు వీరే. నేడు ఆ దేశపు జనసంఖ్య సుమారు 1 కోటి 80 లక్షలు, సైకిళ్లు సుమారు 2 కోట్ల 30 లక్షలు. రైలెక్కువారిలో నూటికి నలుబదిమందికి తక్కువకాకుండ స్టేషనుకు సైకిలుమీదనే వత్తురు. అది వారి రక్తములోనే యున్నదని కొందఱు చెప్పుదురు గాని, ఆ మాట నిజముకాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత అక్కడను మోటారుకార్లు వెల్లువగా వచ్చి సైకిళ్లను దారికి దూరముగ త్రోసివేసినవి. 1971లో ఆ చిన్నదేశమున రహదారులమీద మరణించినవారు 3,000కు పైగా నుండిరి. వారిలో పిల్లలే 400కు మించిరి. తన కూతురును అట్లే పోగొట్టుకొనిన యొక పత్రికారచయిత 1972లో వ్రాసిన వ్యాసమునుండి "శిశుహత్య నాపుడు" అను పేరుతో ఒక యుద్యమము పుట్టెను. దాని మొదటి యధ్యక్షురాలు మార్‌త్యె వాన్ పుటెన్ అను పడుచుతల్లి. ఈమె తరువాత ఐరోపా పార్లమెంటులో సభ్యురాలయ్యెను. తల్లులును పిల్లలును వీథులలో కూర్చుండి కార్లను నిలిపివేసిరి. 1973లో చమురుకొఱత వచ్చి ఆదివారములందు కార్లను మాన్పవలసిన యవసరము కలుగగా, ప్రభుత్వమునకును వారి మాట చెవినెక్కెను. పిమ్మట సైకిళ్లకు ప్రత్యేకమైన దారులు పడినవి. దారి దొరకినపిమ్మట జనులు సైకిళ్లతో స్టేషనులకు వచ్చిరి. వచ్చినవారికి చోటు చాలకపోయెను. స్తంభములకు, వంతెన కమ్ములకు, చెట్లకు, ఒకదానిపై నొకటిగా కట్టివేసిన సైకిళ్లతో స్టేషను ముంగిళ్లు నిండిపోయినవి.

ఆమ్‌స్టర్‌డాము ముఖ్యస్టేషనుకడ 2001లో 2,500 సైకిళ్లు పట్టు మూడంతస్తుల మంచె యొకటి నీటిమీద కట్టిరి. అది తాత్కాలికమే యనిరి. ప్రభుత్వములు తాత్కాలిక మన్నచో ఎంతకాలమో మనకు తెలియని విషయముకాదు. అది ఇరువది సంవత్సరములకు పైగా నిలిచెను. దానికి బదులుగా 2023 జనవరి 26వ తేదీన తెఱచిన కొత్త స్టాండు నీటిక్రింద నున్నది. స్టేషనుకెదుట నున్న కాలువరేవునుండి నీరంతయు తోడివేసి, అడుగున 7,000 సైకిళ్లు పట్టు మందిరమును కట్టి, మరల నీటిని విడిచిరి. ఇప్పుడు పైని పడవలు తిరుగుచుండును, క్రింద సైకిళ్లు నిలుచుచుండును. దీనికి నాలుగేండ్లు పట్టెను, సుమారు 6 కోట్ల యూరోలు వ్యయమయ్యెను. వీథినుండి క్రిందికి సైకిలుతోకూడ మనిషిని మోసికొనిపోవు కదలుబాట యున్నది. బరువును ఎత్తవలసిన పనిలేదు.

అయినను ఇంటిని నడపుకొను స్త్రీ కంటితో చూచినచో ఉట్రెక్టు స్టేషనులోని స్టాండే మేలైనదని నాకు తోచుచున్నది. ఉట్రెక్టు ఆ దేశపు రైలుమార్గములకు నడిబొడ్డు. అక్కడ స్టేషనుముందరి చావడిక్రింద మూడంతస్తులలో 12,500 సైకిళ్లు పట్టును. 2017లో కొంతభాగమును, 2019లో తక్కినదానిని తెఱచిరి. ప్రపంచములో నింత పెద్దది మఱియొకటి లేదని అప్పుడు పేరుపొందెను. కాని నాకు ఆశ్చర్యము కలిగించినది దాని పెద్దతనము కాదు. అందులోనికి సైకిలు దిగకుండ తొక్కుకొనుచునే పోవచ్చును. ఏ వరుసలో నెన్ని ఖాళీ లున్నవో ఆ వరుస మొగదల వెలుగుచున్న యంకెలే తెలుపును. చంకలో సంచి, వెనుక బిడ్డ, బండి కూతవేయుచుండగా చోటుకై వెదకుచు తిరుగవలసిన యవస్థ లేదు. మొదటి 24 గంటలకు రుసుము లేదు. అటుపైన దినమునకు కొలదిపాటి రుసుము. ఎవరైనను 28 దినములకు మించి సైకిలును వదలివేసినచో దానిని తొలగింతురు. ఈ నియమమే లేకున్న సగము చోటు పాతయినుముతో నిండిపోవును. సైకిళ్లు రెండు వరుసలుగా క్రిందను మీదను నిలుచును. మీది అరను లాగినచో అది క్రిందికి వంగి వచ్చును, మరల పైకి నెట్టునపుడు లోపలి స్ప్రింగు చేయూత నిచ్చును. ముందు పిల్లల తొట్టి కట్టిన పొడుగాటి బండ్లకు వేఱుగ నేలమీదనే చోటు విడిచిరి. కాపలావారును, పంక్చరు వేయు దుకాణమును లోపలనే కలవు.

బండి దిగినతరువాత ఆ పట్టణములో నెట్లు తిరుగుట? దానికిని వారొక యుపాయము చేసిరి. 2003నుండి స్టేషనులలోనే అద్దె సైకిళ్లు దొరకుచున్నవి. రైలుచీటీగా వాడు కార్డునే చూపి తీసికొని, పని ముగించుకొని మరల నా స్టేషనులోనే అప్పగింపవలెను. ఇంటికడ నొక సైకిలు, గమ్యస్థానమున నొక సైకిలు, నడుమ రైలు.

జపానుదేశపు కథ ఇంకను మన గృహములకు దగ్గఱగ నుండును. అక్కడి యిల్లాలి సైకిలుకు మామచారి యని పేరు. ఇది మన పురోహితులలో నెవరి పేరో వలె వినబడును గాని, మామ యనగా వారి వ్యవహారములో అమ్మ. చారి యనగా సైకిలు. ముందు కూరల బుట్ట, వెనుక బిడ్డ కూర్చుండు పీట, వంపుతిరిగిన క్రిందికమ్మి గల ఈ బండిమీద తల్లి బిడ్డను శిశుపాఠశాలలో దింపి, స్టేషనుకడ బండి నిలిపి, రైలెక్కి పనికి పోవును. ఇద్దఱు పసిపిల్లల నెక్కించుకొనుట పూర్వము నిషిద్ధము. తల్లులు తమకది తప్పదని మొఱపెట్టుకొనగా, తగినంత దృఢముగా చేసిన బండ్లమీద 2009నుండి అనుమతించిరి.

ఇన్ని సైకిళ్లు చేరుటచే 1970 ప్రాంతములనుండి స్టేషనులచుట్టును కాలు పెట్ట చోటు లేకపోయెను. గ్రుడ్డివారు త్రోవ తెలియక తడబడుచుండిరి, అగ్నిమాపక శకటములకు దారి లేకుండెను. 1980లో శాసనము చేసి, 1993లో దానిని గట్టిపఱచిరి. అడ్డముగా నిలిపిన సైకిళ్లను పురపాలకులు లారీలలో తీసికొనిపోయి దొడ్డిలో పెట్టుదురు. రుసుము చెల్లించి విడిపించుకొనవలెను. మన యూళ్లలోని బందెలదొడ్డి వంటిదే. కాని ఒక్క దండనతో సరిపెట్టక స్టాండులను కట్టిరి. టోకియోలో కసాయి యను స్టేషనున్నది. పేరు విని భయపడవలదు. అక్కడ 2008లో తెఱచిన స్టాండులో 9,400 సైకిళ్లు పట్టును. వానిలో 6,480 భూమిలోనికి దిగిన 36 గోపురములలో, ఒక్కొక్కదానిలో 180 చొప్పున నుండును. ద్వారముకడ సైకిలు నిలిపినచో యంత్రము లోనికి తీసికొనిపోవును. సాయంకాలము కార్డు చూపినచో అర నిమిషములోగా మన బండినే తెచ్చి ముందు పెట్టును. చీకటి మూలలకు పోయి వెదకుకొను పనిలేదు. ఈ యొక్క కారణముచేతనే అది స్త్రీలకు వరమని చెప్పవచ్చును.

మనదేశమున ఇట్టి యంత్రములు కావలెనని నేను కోరుట లేదు. మనకు ముందుగ కావలసినవి అంతకంటె చిన్నవి. ఆడువారు సైకిలు తొక్కుటయా యను ప్రశ్నకు సమాధానము మనదేశముననే దొరకినది. 1991, 92 ప్రాంతమున తమిళనాటి పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమముతోపాటు, కలెక్టరు షీలారాణి చుంకత్తు ప్రోత్సాహమున వేలకొలది గ్రామీణస్త్రీలు సైకిలు నేర్చిరి. బీహారు ప్రభుత్వము 2006నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకు ధనమిచ్చెను. దాని ఫలితమును కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అను అర్థశాస్త్రజ్ఞులు పరిశీలించి, ఉన్నతపాఠశాలలలో చేరు బాలికలు నూటికి 32 వంతులు పెరిగిరనియు, బాలురకును వారికిని గల యంతరము నూటికి 40 వంతులు తగ్గెననియు తేల్చిరి. పాఠశాల 3 కిలోమీటర్లకంటె దూరమున నున్న గ్రామములలోనే ఆ మేలు ఎక్కువగ కనబడినది. పాఠశాల వాకిటిలో సైకిలు నిలుపుటకు చోటుండును. ఆ బాలికయే కళాశాలకు రైలెక్కవలసివచ్చినపుడు స్టేషను వాకిట నుండునా?

మన స్టేషనులలో స్టాండును గుత్తకిత్తురు. గుత్తదారునకు స్కూటరువలన వచ్చు రాబడి సైకిలువలన రాదు. కనుక నీడయున్న చోటు, వెలుగున్న చోటు, గుమ్మమునకు దగ్గఱి చోటు మోటారుబండ్లకు పోయి, సైకిళ్లు వెనుకగోడ చెంతకు పోవుచున్నవి. ఒక మోటారుకారు నిలుచు చోటున ఎనిమిది పది సైకిళ్లు నిలుచునని గుత్తపత్రము వ్రాయువారు గుర్తుంచుకొనిన బాగుండును. హైదరాబాదులో 2003లో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు, 2017లో మెట్రో ప్రారంభమైనను, స్టేషనువఱకు సైకిలుపై నిర్భయముగ పోదగిన దారి అరుదు. మెట్లున్నచోట గోడప్రక్కగా సన్నని గాడి యొకటి వేసినచో సైకిలును భుజమున మోయక చక్రములమీదనే నడపించుకొనిపోవచ్చును. హాలండులోను జపానులోను ఇది సర్వసామాన్యము. దీనికి కావలసినది కొంచెము సిమెంటు, ఒక తాపీమేస్త్రి, ఒక్క దినపు పని.

ఈలోగా స్టేషనుకు సైకిలుపై పోవు సోదరీమణులు కొన్ని జాగ్రత్తలు తీసికొనవచ్చును. వెనుకచక్రమునకు వల, చెయినుకు పూర్తి మూత ఉన్న బండినే కొనవలెను. చీరచెంగో ఓణీయో చిక్కుకొని పడినవారు ఎందఱో. చక్రమునకు మాత్రము తాళము వేయుట చాలదు, దొంగ దానిని భుజమున వేసికొని పోగలడు. గొలుసుతో బండిచట్రమును కదలని యినుపకమ్మికి కట్టవలెను. సీటుక్రింద ఇంటిపేరు వ్రాయించుట కంటె చట్రముమీది నంబరును ఇంట నొక పుస్తకములో వ్రాసియుంచుట మేలు; పోలీసువా రడుగునది ఆ నంబరునే. రశీదు ఇయ్యని స్టాండులో ఒక్క పూటయైనను బండి పెట్టరాదు. స్టాండులోని దీపము వెలుగనిచో నలుగురు స్త్రీలు కలిసి స్టేషనుమాస్టరునకు వ్రాతమూలముగ తెలుపవలెను. ఒక్కరు నోటితో చెప్పినదానికంటె నలుగురి సంతకములకు బలమెక్కువ. మఱియొక సంగతి. సాయంకాలపు బండి ఆలస్యమగుట మనకు క్రొత్తకాదు. ఆ బండి వచ్చువఱకు స్టాండు తెఱచియుండునా, మూసినచో తాళపుచెవి యెవరికడ నుండును అను ఈ రెండు విషయములను మొదటిదినముననే కనుగొని, పిల్ల చేతికిచ్చు రశీదు వెనుక వ్రాసియుంచవలెను.