మాత్ర ఒకటే, మింగించే తీరు వేరు

జాతీయ నులిపురుగుల నివారణ దినం ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న వస్తుంది. వడమాలపేటలో మా వద్ద చదివే పిల్లలు ఆల్బెండజోల్ మాత్రను నమిలి మింగగలరు. వారి చంకలోని తమ్ముళ్ళకు అది తగదు. ఏడాది నిండి రెండేళ్ళలోపు బిడ్డకు సగం మాత్ర, రెండు నుండి మూడేళ్ళ బిడ్డకు పూర్తి మాత్ర, రెండు చెంచాల నడుమ పొడిచేసి మంచినీటిలో కలిపి తాగించాలి. మూడేళ్ళు దాటినవారు నమలాలి.

ఏడ్చే బిడ్డ ముక్కు మూసి, 'బిస్మిల్లాహ్' అని గొంతులో పోసే దాదీలను మేమెరుగుదుము. మందు ఊపిరి గొట్టంలోకి పోతే ప్రాణాపాయం. బిస్మిల్లాహ్ పలికిన చేతికి అంత తొందరెందుకు? ఏడుపు ఆగనివ్వండి.

ఏడాది నిండని పసికందుకు ఈ మాత్రే లేదు. వైద్యులు వ్రాసిన ఇతర మందులను తేనెలో రంగరించి నాకించడం మన ఇళ్ళలో అలవాటు. తేనెలో షిఫా ఉన్నదని దివ్య ఖుర్ఆన్ (16:69) తెలిపింది, నిజమే. కాని తేనెలో ఉండగల బొటులిజం సూక్ష్మబీజాలను ఆ లేత పేగులు తట్టుకోలేవు. మొదటి పుట్టినరోజు దాటేవరకు తేనె వద్దు.