దవడ బిగింపుకు యంత్రం చెప్పే పాఠం

చెవి ముందు నొప్పి. ఆవులిస్తే టక్కుమని చప్పుడు. గట్టి సకినం కొరికితే కణత దాకా పోటు. చెవి డాక్టరుగారు చెవి బాగుందంటారు. పళ్ల డాక్టరుగారు పన్నూ బాగానే ఉందంటారు. దాంతో ఇంట్లో వాళ్లు "అంతా నీ భ్రమ" అని తేల్చేస్తారు.

భ్రమ కాదు. చెవికి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. దాన్ని నడిపే కండరాలు నమలడానికి, మాట్లాడడానికి ఏర్పడ్డవి; గంటల తరబడి బిగుసుకుని ఉండడానికి కాదు. ఖాజాగూడలో కాపురం ఉంటూ గచ్చిబౌలిలోనో, నానక్‌రాంగూడలోనో కంప్యూటరు ఉద్యోగం చేసేవారిని తీసుకోండి. దారిలో ట్రాఫిక్, పగలంతా తెర, రాత్రి అమెరికా ఫోన్లు. అన్నీ పంటిబిగువున నెట్టుకొస్తారు. మాటవరసకి కాదు, నిజంగానే పళ్లు బిగించి! ఆ సంగతి వారికే తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

తెలియజెప్పేదే బయోఫీడ్‌బ్యాక్. చెంప మీద, కణత మీద చిన్న బిళ్లలు అంటిస్తారు. సూది ఉండదు, షాకు కొట్టదు. కండరం బిగిసినప్పుడు పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును యంత్రం పట్టుకుని శబ్దంగానో, తెరమీద గీతగానో చూపిస్తుంది. మీరు దవడ వదులు చేస్తే శబ్దం తగ్గుతుంది. కొన్ని వారాలు అభ్యాసం చేసేసరికి యంత్రం లేకుండానే బిగింపు పసిగట్టడం అలవాటవుతుంది.

గుణం ఉంటుందా? క్రైడర్, గ్లారోస్ అనే పరిశోధకులు 1999లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూశారు. ఈ శిక్షణ పొందినవారిలో 69 శాతం మందికి నొప్పి పోవడమో, బాగా తగ్గడమో జరిగింది. ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 35 శాతం మందికే. అవి చిన్న అధ్యయనాలే, నిజమే. అయినా 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు, మానసిక శిక్షణతో కలిపి దీన్ని గట్టిగానే సిఫారసు చేశాయి. కనుక ఎవరైనా పళ్లు అరగదీయాలనో, కీలుకు ఆపరేషన్ చేయాలనో అంటే తొందరపడకండి. అరగదీసిన పన్ను మళ్లీ రాదు.

యంత్రం అందుబాటులో లేదా? "న" అని పలికి, నాలుకను అక్కడే ఉంచి, పెదవులు మూయండి. పళ్లు ఒకదానికొకటి తగలకూడదు. దవడకు విశ్రాంతి అదే. కంప్యూటరు అంచున ఒక బొట్టుబిళ్ల అంటించండి. అది కంటబడ్డప్పుడల్లా దవడ చూసుకోండి. నొప్పి తగ్గేదాకా సకినాలు, చెరకు ముక్కలు, చూయింగ్ గమ్ మానేయండి. నొప్పిలేని చప్పుడుకు మాత్రం వైద్యం అక్కర్లేదు. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే పగటి శిక్షణ ఒక్కటే చాలకపోవచ్చు. పళ్ల డాక్టరును కలవండి.

నోరు తెరుచుకోకపోయినా, వాపూ జ్వరమూ ఉన్నా ఆలస్యం చేయవద్దు. యాభై దాటినవారికి కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక వస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. దవడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు ఉంటే అది గుండె జబ్బు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.