బ్యాంజో సౌండ్ పోయిందా? కొత్త బిళ్ల కొనేముందు చూడండి

ఖవ్వాలీ పార్టీల్లో మనం బ్యాంజో అని పిలిచే బుల్‌బుల్ తరంగ్‌కి చాలామంది పీజో బిళ్ల అంటిస్తారు. సన్నటి ఇత్తడి రేకు, మధ్యలో తెల్లటి సిరామిక్, అంతే. చెక్క అదిరితే అందులో కొద్దిపాటి వోల్టేజీ పుడుతుంది. క్యూరీ సోదరులు 1880లోనే కనిపెట్టిన సంగతి ఇది.

ప్రోగ్రాం మధ్యలో సౌండ్ ఆగితే ముందు బిళ్లనే తిట్టుకుంటాం. మల్టీమీటర్‌ని మిల్లీవోల్టుల మీద పెట్టి బిళ్లను వేలితో తట్టండి. అంకె కదిలితే బిళ్ల బతికే ఉంది, తెగింది వైరు.

మళ్లీ అతికేటప్పుడు లోపలి వైరు తెల్లభాగానికి, పైన అల్లిక ఉన్న వైరు ఇత్తడికి. తారుమారైతే గుయ్‌మని హమ్ మొదలవుతుంది. సోల్డరింగ్ ఐరన్ ఒకటి రెండు సెకన్లు ఆనిస్తే చాలు. ఎక్కువ వేడి తగిలితే సిరామిక్ మీది వెండి పూత లేచిపోతుంది, ఇక అక్కడ అతుకు నిలవదు.

సౌండ్ వస్తోంది గానీ రేకు డబ్బాలా పల్చగా ఉందా? అప్పుడు బిళ్ల మార్చి డబ్బులు పోగొట్టుకోకండి, కొత్తదీ అలాగే మోగుతుంది. పీజోకి పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి. మామూలు మిక్సర్లో ఉండేది కొన్ని వేలే, అందుకే బేస్ పోతుంది. మధ్యలో చిన్న ప్రీయాంప్ పెట్టించండి.