వీపు మీది పేరు

అస్ర్ నమాజుకు మా విద్యార్థులు వరుసలు సరిచేసుకుంటున్నారు. ముందు నిలిచిన బాలుడి చొక్కా వీపుపై పెద్ద అక్షరాలతో మెస్సీ పేరు, కింద 10 అంకె. నా చూపు పదేపదే అటే పోయింది. గీతల గుర్తులున్న దుప్పటి నమాజులో తమ ధ్యాసను మళ్ళించిందని దైవప్రవక్త (స) దానిని అబూ జహమ్ (ర)కు పంపివేసిన హదీసు గుర్తుకొచ్చింది. నమాజు ముగిశాక, “నాయనా, ఈయన ఆట ఎప్పుడైనా చూశావా?” అని అడిగాను. “లేదు హజ్రత్, అబ్బా కొనిచ్చారు” అన్నాడు.

ఆట చూడని ఇంటికి కూడా ఆటగాడి పేరు చేరుతోంది. 1984లో అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు మైఖేల్ జోర్డాన్‌తో నైకీ సంస్థ ఒప్పందం కుదుర్చుకుని, ఆయన పేరిటే బూట్లు అమ్మసాగింది. 2003లో ఆయన ఆట విరమించినా ఆ బూట్ల అమ్మకం ఆగలేదు. ఇంగ్లండ్‌లో అనేక ఫుట్‌బాల్ జట్ల చొక్కాల ఛాతీపై జూదపు కంపెనీల పేర్లుండేవి. పిల్లలకు చొక్కా కొనే తండ్రులు వీపుతోపాటు ఛాతీ మీది రాతను కూడా చదవాలి.

అందరూ తలవంచలేదు. దక్షిణాఫ్రికా బ్యాట్స్‌మన్ హాషిమ్ ఆమ్లా తన చొక్కాపై బీరు కంపెనీ చిహ్నం ధరించడానికి నిరాకరించారు. క్రికెట్ బోర్డు అందుకు సమ్మతించింది. 2012లో లండన్ ఓవల్ మైదానంలో 311 పరుగులతో అజేయంగా నిలిచి, టెస్టుల్లో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి దక్షిణాఫ్రికా ఆటగాడైనది ఆయనే.

పేరు విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం ముహమ్మద్ అలీ జీవితమే. 1964లో ఆయన కాసియస్ క్లే అన్న పేరును విడిచిపెట్టారు. 1967లో, పాత పేరుతోనే పిలిచిన ప్రత్యర్థి ఎర్నీ టెరెల్‌ను బరిలో కొడుతూ “నా పేరేమిటి?” అని గద్దించారు. అదే ఏడాది వియత్నాం యుద్ధపు సైన్యంలో చేరనన్నందుకు కిరీటాన్ని, మూడేళ్ళకు పైగా ఆటను పోగొట్టుకున్నారు. 2002లో హాలీవుడ్ కాలిబాటపై ఆయన పేరిట నక్షత్రం పొదుగుతామన్నారు. ప్రవక్త (స) నామాన్ని జనం పాదాల కింద ఉంచనివ్వనన్నారాయన. ఆ నక్షత్రాన్ని గోడకు అమర్చారు; అక్కడ గోడపైనున్నది అదొక్కటే.

ఈ సంగతి తరగతిలో ఎంతో ఇష్టంగా చెప్తాను. ఒకసారి పెద్ద విద్యార్థి ఒకడు లేచి, “హజ్రత్, 2006లో ఆయన తన పేరు, రూపాలపై హక్కుల్లో 80 శాతం ఒక కంపెనీకి 5 కోట్ల డాలర్లకు అమ్మారు కదా?” అన్నాడు. నిజమే. అప్పటికి పార్కిన్సన్స్ వ్యాధి బయటపడి ఇరవై రెండేళ్ళు. చేతులు వణికేవి, మాట పెగిలేది కాదు. ఆ మాటే చెప్పాను. అది సమాధానమో, సమర్థనో నాకిప్పటికీ తేలలేదు. ఆ కుర్రవాడు మాత్రం తృప్తిపడకుండానే కూర్చున్నాడు.